ముందర చక్రం నట్టు

చేతి మీద నంబరు అప్పుడే చెమటకు చెదురుతా ఉండాది. నూట పదిహేడు. నల్ల స్కెచ్చు పెన్నుతో అర్చిత రాసింది, ముందు వాడి చేతి మీద రాసి, అదే పెన్ను మూత పెట్టకుండా పట్టుకొచ్చి నా చేతి మీద రాసింది, వాడి చర్మం తాకిన ములుకు నా చర్మాన్ని తాకింది, చల్లగా. వాడంటే నా తమ్ముడు గణేశన్. అర్చిత వాడి కూతురు. ఇప్పుడు వాడు సముద్రంలో ఉండాడు, నేను గట్టు మీద సైకిలు పక్కన ఉండాను, ఆ పిల్ల పరిగెత్తేవాళ్ళ గుంపులో అవతల యాడో ఉండాది. మూడు పనుల పందెం ఇది, ఈత, సైకిలు, పరుగు. చేతనైనోళ్ళు మూడూ ఒక్కరే చేస్తారు, చేతకానోళ్ళు ముగ్గురు కలిసి పంచుకోవచ్చు. వాడు ఏడొందల యాభై మీటర్లు ఈది వస్తే నేను ఇరవై కిలోమీటర్లు తొక్కి వస్తే ఆ పిల్ల అయిదు కిలోమీటర్లు పరిగెత్తుతుంది. వాడి చీలమండకి ఒక పట్టీ కట్టినారు, దాంట్లో చిప్పు ఉండాది, ఆ పట్టీ వాడి కాలి నుంచి నా కాలికి రావాల, సైకిళ్ళు తగిలించిన ఈ కమ్మీ దగ్గరే రావాల, ఇంకోచోట మార్చుకుంటే చెల్లదు. నలభై నిమిషాల్లో నా సైకిలు ఆ ఎర్ర గీత దాటాల. దాటకపోతే పట్టీ తీసేసుకుని మంచిది తాతా ఇంటికి పో అంటారు. దాని గురించి కాదు నాకు. ఇంటికి పోవడం నాకు రోజూ ఉండేదే. వాడికి ఒక మాట చెప్పాల. పట్టీ మారే ఆ ఒక్క నిమిషంలో చెప్పేసి సైకిలెక్కి పోదామని వచ్చినాను. చెప్పి నిలబడేంత ధైర్యం నాకు లేదు. ఇరవై కిలోమీటర్లు దొరుకుతాయి పారిపోయేదానికి, అంతసేపట్లో వాడి మొహం ఎట్లుండాదో చూడబళ్ళేదు. అందుకే ఒప్పుకున్నాను ఈ వయసులో, డెబ్బై నిండబోతా ఉండగా.

సైకిలు సీటు ముక్కు మీద కమ్మీకి వేలాడతా ఉండాది, ఆకుపచ్చ రంగు, ఇనప ఫ్రేము, నేనే ముక్కముక్క ఏరి కట్టింది. నా పక్కన పెట్టిన సైకిళ్ళు చూస్తే గాలి తగిలితే ఎగిరిపోయే మాదిరి ఉండాయి, ఒక్క వేలితో ఎత్తొచ్చు, వాటి పక్కన నాది పెండ్లికి పనిముట్లతో వచ్చిన ఆచారి మాదిరి ఉండాది. నిన్న సాయంత్రం సైకిళ్ళు తనిఖీ చేసే పిలగాడు దాన్ని చుట్టూ తిరిగి చూసి, బ్రేకు నొక్కి చూసి, హ్యాండిలు చివర బొక్క తెరిచి ఉందని వద్దన్నాడు. పడితే కడుపులో దిగుతుందంట. నిజమే, అది నాకు తెలిసే ఉండాల. కాలాపేటలో ఆ టయానికి యాడ దొరుకుతుంది మూత, సారాయంగడి పక్కన వెతికితే సీసా బెండు ఒకటి దొరికింది, కత్తితో చెక్కి బిగించినాను, ఆ పిలగాడు నవ్వి సరేనన్నాడు. ఇంకా వాసన వస్తాండాది దాంట్లోంచి. నిన్న ఇట్లాంటివి చానా చూసినాను, ఎవురూ అడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణి. సాయంత్రమే గాలి నిండుగా కొట్టుకుని పోతారు, పొద్దున ఎండ తగిలేసరికి ట్యూబు ఢామ్మంటుంది, ఇప్పుడే రెండు పగిలినాయి, దీపావళి మాదిరి. రాత్రి తగ్గించి పెట్టి పొద్దున పోసుకోవాల. చైనుకి నూనె పోసేసి తుడవరు, ఇసకంతా దానికే అంటుకుంటుంది, నూనె లోపలుండాల గాని పైన కనపడకూడదు. పెద్ద పల్లు చక్రం మీద చైను వదిలేసి పోతారు, ఎక్కంగానే కాలు కదలదు, చిన్నదాని మీద పెట్టుకోవాల. కొత్త సీటు, కొత్త బూట్లు పందెం రోజే తొడుక్కుంటారు. పందెం రోజు కొత్తది ఏదీ పనికిరాదు, పాతదే మన ఒళ్ళెరిగి ఉంటుంది. నీళ్ళలోంచి వచ్చినోడికి కళ్ళు తిరగతా ఉంటాయి, వందల సైకిళ్ళలో తనదేదో తెలీదు, అందుకని గుర్తుకు ఏదన్నా కట్టాల. నేను మా ఆడమనిషి విశాలాక్షి పాత చీర కొంగు ముక్క కట్టినాను, పసుపుది, ఎర్ర అంచు. వాడు దాన్ని గుర్తు పడతాడు. ఆ చీరె వాడే తెచ్చిచ్చింది ఒక పొంగలికి.

పదిహేడు నిమిషాలు అయింది. గేటు మీద పెద్ద గడియారం పెట్టినారు, ఎర్ర అంకెలు, చదువు లేకపోయినా అంకెలు నాకు తెలుసు, మూడో తరగతిలో అంతవరకు చెప్పి పంపించినారు. మొదట వచ్చినోళ్ళు నీళ్ళు కారతా పరిగెత్తుకుంటా వచ్చి సైకిళ్ళు లాక్కుని పోయినారు. హెల్మెట్టు క్లిప్పు టక్కుమనే దాకా సైకిలు ముట్టకూడదు, ముట్టితే తేన్మొళి విజిలు ఊదుతుంది. తేన్మొళి అని మెళ్ళో కార్డు వేసుకుని ఉండాది, ఈ వరసకి కాపలా పిల్ల, కాలేజీ చదివేదేమో, నన్ను రెండుసార్లు చూసింది. నా ఎడమ పక్క డాక్టర్ల జట్టు, వాళ్ళ మనిషి పన్నెండో నిమిషానికే వచ్చేసినాడు. కుడి పక్క ఎవురో బెంగుళూరోళ్ళు. సైకిలు తీసినప్పుడల్లా కమ్మీ ఒకసారి పైకి లేచినట్టు అదురుతుంది, నా చేతికి తెలుస్తుంది, ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. ఇట్లా పొద్దున నాలుగింటికి మా ముదలియార్‌పేట సందులో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, ఒకడు పాలకి, ఒకడు మిల్లు ఉన్న రోజుల్లో మిల్లుకి, ఒకడు గుడికి, నేను మంచం మీద పడుకుని ఆ తలుపులు వింటా ఉంటాను, అన్నీ అయిపోయినాక సందంతా ఊరుకుంటుంది, నా తలుపు మాత్రం ఎవురు తెరుస్తారని. టీ అంగట్లో ఒక టీ అంటాను, అప్పుడు వినిపిస్తుంది నా గొంతు నాకే, తుప్పు పట్టిన పెడలు మాదిరి. ఆ తర్వాత మధ్యాన్నం దాకా మళ్ళా పని పడదు దానికి.

గాలి సముద్రం పక్కనుంచి కాకుండా ఉత్తరం నుంచి అడ్డంగా కొడతా ఉండాది. సరుగుడు చెట్లు ఒకే పక్కకి వంగి ఉండాయి. అట్లా కొట్టే రోజు నీళ్ళు పైకి బాగుండి కింద లాగుతాయి, అది నాకంటే వాడికే బాగా తెలుసు, పదేండ్లప్పటి నుంచీ వాడు నీళ్ళలోనే ఉన్నాడు, నేను గట్టు మీద వాడి చొక్కా పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇప్పటికీ నాకు ఈత రాదు. ఒకసారి బయటికి వచ్చేటప్పుడు సీసా పెంకు దిగింది వాడి అరికాల్లో, ఇంత లోతు, నేను వాడి కాలు నా తొడ మీద పెట్టుకుని పంటితో పీకినాను. ఇంటికి పోయి చెప్తే మా అవ్వ నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను, నెత్తిన మొట్టింది. పెద్దోడివి, చిన్నోడి కాళ్ళు తాకితే వాడికి ఆయుస్సు తగ్గుతుందిరా మొద్దు అనింది. వాణ్ణి నా ముందర కూచోబెట్టి, నా కాళ్ళు మూడుసార్లు తాకించింది, అప్పుడు సరిపోతుందంట. వాడు కుంటుకుంటా తాకినాడు, మూడోసారి నా బొటనవేలు గిల్లినాడు. నేను ఏమీ అనలేదు. అప్పుడూ అనలేదు.

ఈ పట్టీ దగ్గర అర్చితతో అదే తగువు అయింది. పోయిన నెల నా సైకిలు అంగడికి వచ్చి, బల్ల మీద ఎక్కి కూచుని, ఇట్లా కాదు పెదనాయనా, నాయన నీళ్ళలోంచి వచ్చేసరికి చేతులు మొద్దుబారి ఉంటాయి, ఆయన వచ్చి ఊరికే నిలబడతాడు, నువ్వే వంగి ఆయన కాలి నుంచి పట్టీ పీక్కుని నీ కాలికి కట్టుకోవాల, అందరూ అట్లనే చేస్తారు, పది సెకన్లు మిగులుతాయి అనింది. నేను చక్రానికి పుల్లలు సరిచేస్తా ఉన్నాను. వద్దు అన్నాను.

"ఏంది వద్దు? ఎందుకు వద్దు?"

"వాడే తీసి ఇయ్యమను."

"వాడెవుడు పెదనాయనా, పేరు లేదా ఆయనకి?" అని నవ్వింది. "ఆడ ఆయన నిన్ను ఆ మనిషి అంటాడు, ఈడ నువ్వు వాడంటావు. నేనేమో ఇద్దరి మధ్య పోస్టుమేను. ఆ మనిషికి చెప్పు, గాలికి ఎదురు తొక్కేటప్పుడు తలకాయ దించుకోమను అన్నాడు నిన్న. చెప్తాండాను, విన్నావా?"

విన్నాను. తల దించుకోవడం నాకు ఎవురూ చెప్పబళ్ళేదు. ఆ పిల్లకి అవ్వ మాట చెప్పలేదు నేను. చెప్తే నవ్వుతుంది. వాడికి మాత్రం తెలుసు ఎందుకు వద్దన్నానో, మర్నాడు ఆ పిల్లే ఫోను చేసి చెప్పింది, నాయన సరేనన్నాడు, నేనే తీసిస్తానని చెప్పు అన్నాడు, ఎందుకని కూడా అడగలేదు, మీ ఇద్దరికీ ఏం పుట్టిందో అని. ఈ పందెంలో మొదట మూడో మనిషి అర్చిత ఆఫీసులో పని చేసే పిల్ల, సైకిలు తొక్కాల్సింది ఆమే, చెయ్యి విరిగిందని తప్పుకుంది. నిజంగానే విరిగిందో లేదో నాకు తెలీదు. నిన్న చూసినాను, రెండు చేతులతో బ్యాగు మోసుకుంటా పోతాండాది.

ఇరవై ఆరు. ఈ వరసలో ఇంక ఆరు సైకిళ్ళు ఉండాయి. అయిదు.

పన్నెండేండ్ల ముందర ఆ రోజు కూడా ఇట్లా ఎండ అప్పుడే ఎక్కుతా ఉండింది. అంగట్లో ముందర బల్ల మీద వాడు కూచునేవాడు, వచ్చినోళ్ళతో మాట్లాడేది వాడు, ఎనకాల పని చేసేది నేను. అదే మా ఇద్దరి ఒప్పందం, నోటితో చేసుకున్నది కాదు, ఎవురికి ఏది వస్తే అది చేసినాము. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఒకాయన సైకిలు పూర్తిగా విప్పి కట్టమని ఇచ్చి పోయినాడు. మొత్తం కట్టేసినాను. ముందర చక్రం ఎక్కించి ఎడమ పక్క నట్టు స్పానరుతో బిగించి, కుడి పక్క నట్టు చేత్తో తిప్పి, అప్పుడు విశాలాక్షి లోపల్నుంచి పిలిచింది, సంగటి చల్లారిపోతాండాది రా అని. స్పానరు కింద పెట్టి పోయినాను. తిని వచ్చి చెయ్యి తుడుచుకుని సైకిలు ఆయనకి ఇచ్చేసినాను. అంతే. దాంట్లో ఇంకేమీ లేదు. ఒక స్పానరు, పదిహైదు నంబరు, అర చుట్టు తిప్పాల. మురుంగపాక్కం మలుపులో ఆ చక్రం తిరుక్కుని ఊడింది. మర్నాడు ఆయన మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చినాడు, గుడ్డ తీసి చూపించినాడు, ముందర పళ్ళు రెండూ లేవు, పెదవి ఇంత ఉండాది. ఎవుడ్రా బిగించింది అన్నాడు. వీధిలో మనుషులు నిలబడినారు. వాడు బల్ల మీద నుంచి దిగినాడు. దిగి, తిరిగి ఒకసారి నా పక్క చూసినాడు. నేను కిరసనాయిలు పళ్ళెంలో చక్రం లోపలి ఇనప గోళీలు కడగతా ఉన్నాను, ఒక పక్క హబ్బుకి పది గోళీలు, పది ఉన్నాయా అని చూస్తా ఉన్నాను, ఒకటి రెండు మూడు, తల ఎత్తలేదు, వాడు చూస్తున్నాడని తెలిసి తల ఎత్తలేదు, ఏడు ఎనిమిది, నేనే సార్ అన్నాడు వాడు. నా తమ్ముడు. నేనే బిగించినా సార్, తప్పైపోయింది. చెంప మీద కొట్టిన సప్పుడు నాకు ఇప్పుడు కూడా ట్యూబు పగిలినప్పుడల్లా వినిపిస్తుంది. పొద్దున రెండు పగిలినాయి, రెండుసార్లూ వినిపించింది. యాభై ఏండ్లు దాటిన మనిషిని, పెండ్లాం బిడ్డ ఉన్నోణ్ణి, మా వీధిలో. పది గోళీలూ సరిగ్గానే ఉన్నాయి.

ఆ దెబ్బకి కూడా కాదు వాడు అంగడి విడిచి పోయింది. నేను బాగా ఆలోచించినాను, పన్నెండేండ్లు ఆలోచించడానికే ఉంటిని. అది కొట్టించుకుని కూడా వాడు సాయంత్రం దాకా ఆడనే ఉన్నాడు. షట్టరు దించేదాకా ఉన్నాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, తుడిచిన గుడ్డ మళ్ళా మడిచి, విప్పి మడిచి, నిలబడినాడు. నేను ఏదన్నా ఒక మాట అంటానని. అన్నగా ఒక్క మాట, అది నేను చేసిందిరా అని, లేకపోతే నొప్పిగా ఉందా అని, ఏదో ఒకటి. నాకు గొంతులోకి వచ్చింది. వచ్చి ఆడనే నిలబడింది. పొద్దున చెప్దాంలే అనుకున్నాను. పొద్దున వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాలాపేట పక్కకి ఇల్లు మార్చినాడు, ఎవరిదో ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పించే పనికి చేరినాడని మరగతం, వాడి పెండ్లాం, విశాలాక్షితో చెప్పింది. ఆడోళ్ళు మాట్లాడుకుంటానే ఉండినారు. మరగతం ఇప్పటికీ చేపల పులుసు గిన్నెలో పోసి అర్చితతో పంపుతుంది, నేను గిన్నె కడిగి తిప్పి పంపుతాను, ఉత్తది పంపకూడదని అరటిపండ్లు పెట్టి పంపుతాను. విశాలాక్షి పోయినప్పుడు వాడు వచ్చినాడు. పాడె ఎడమ పక్క ముందర కొమ్ము వాడు పట్టినాడు, కుడి పక్క నేను. ఇద్దరం ఒకే ఎత్తు, పాడె వంగలేదు. వాడి ఊపిరి సప్పుడు నాకు వినిపిస్తా ఉండింది దారంతా. అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు. పాడె మోసేటప్పుడు నట్టు సంగతి ఎట్ల చెప్పేది. మళ్ళా పోయింది. ఆమె కడసారి కళ్ళు మూసే ముందు కూడా, నీ నోట్లో ముత్యాలున్నాయా రాలిపోతాయని భయమా అనింది, నవ్వతానే అనింది, పోయి చెప్పి రా అనింది. ఆమెకి నేను చెప్పలేదు ఏమి జరిగిందో. ఎట్లా తెలుసో తెలీదు. స్పానరు కింద పెట్టింది ఆమె పిలిస్తేనే, అది తెలుసేమో, తన మీద వేసుకుందేమో, నాలుగేండ్లయింది, ఇంక అడిగేదానికి కుదరదు.

ముప్పై ఒకటి. ముప్పై రెండు. మూడు సైకిళ్ళు. మైకులో ఎవురో ఇంగ్లీషులో ఏదో అంటాండారు. ముగ్గురు పంచుకునే రిలే వాళ్ళకి ఆరెంజి రంగు టోపీలు ఇచ్చినారు నీళ్ళలో కనపడతాయని, ఈడ్నుంచి చూస్తే ఇసక మిట్ట అడ్డం, నీళ్ళు కనపడవు, పడవ కొస ఒకటి కనపడుతుంది, అదీ లేచి దిగతా ఉండాది. అది గట్టు పక్కకి తిరిగింది. కాపలా పడవ. మిట్ట మీదున్న మనుషులు అందరూ ఒక్కసారి ఆ పక్కకి నడిచినారు. నడిచినారు, పరిగెత్తలేదు, పరిగెత్తలేదు కద. ఇద్దరు ఒక మనిషిని చంకల కింద పట్టుకుని మోసుకొస్తాండారు, మొహం మీద తువ్వాలు, తల మీద ఆరెంజి టోపీ. నా చెయ్యి కమ్మీ వదిలేసింది. ఈ కమ్మీ వదిలి పోకూడదు, పోతే జట్టు పోయినట్టే, అర్చిత ముప్పై సార్లు చెప్పింది. రెండడుగులు వేసినాను. వాడి పేరు పిలుద్దామని నోరు తెరిచినాను, గాలి వచ్చింది, పేరు రాలేదు, పన్నెండేండ్లు వాడని పేరు యాడ్నుంచి వస్తుంది పిలవంగానే. దేవుడా నువ్వు వాణ్ణి ఇప్పుడు తీసుకుంటే నేను ఆ మాట ఎవురికి చెప్పుకునేది, గోళీలకి చెప్పుకునేదా.

"తాతా, ఆడనే ఉండు, కదలొద్దు!" అని తేన్మొళి అరవంలో అరిచింది.

తువ్వాలు జారింది. ఎవురో పిలగాడు, గడ్డం, చేతి మీద నలభై నాలుగు. ఉప్పునీళ్ళు మింగి కక్కుతాండాడు. వాళ్ళ నాయనేమో పక్కనే పోతా తిడతాండాడు, వాకిట్లో బావిలో ఈదినట్టనుకున్నావురా అని, తిడతానే వాడి వీపు రాస్తాండాడు. నేను మళ్ళా వెనక్కి వచ్చి కమ్మీ పట్టుకున్నాను. పట్టుకోంగానే కమ్మీ ఊగింది, ఇంకే సైకిలూ లేదు దాని మీద. వరసలో నాదొక్కటే మిగిలింది. ఇంత పొడుగు ఇనప కమ్మీ, వంద మంది పట్టేది, దాని మీద ఒక పచ్చ సైకిలు, పసుపు గుడ్డ ముక్క. జనం అవతల రోడ్డు పక్కకి పోయినారు, సైకిళ్ళు తిరిగి వచ్చేది చూసేదానికి. ఈడ తువ్వాళ్ళు, బక్కెట్లు, తొక్కిన అరటి తొక్కలు. తేన్మొళి వచ్చి నా పక్కన నిలబడింది. మీ మనిషి సొరి తగిలి నెమ్మదిగా వస్తాండాడంట తాతా, వాకీటాకీలో చెప్పినారు, పడవ ఎక్కమంటే ఎక్కనన్నాడంట అనింది. సొరి అంటే సముద్రంలో తేలతా ఉంటుంది, జిగటగా, తెల్లగా, గొడుగు మాదిరి, తగిలితే వాత పెట్టినట్టుంటుంది. పడవ ఎక్కితే అయిపోయినట్టే. ఎక్కనన్నాడు. మొండి. నాయన మాదిరి మొండి. ముప్పై ఆరు.

స్పానరు జేబులోనే ఉండాది. పదిహైదు నంబరు. అందరి సైకిళ్ళకీ ముందర చక్రానికి ఒక మీట ఉంటుంది, వేలితో తిప్పితే బిగుసుకుంటుంది, నేను మాత్రం నట్లే పెట్టుకున్నాను. రాత్రి పెట్టినప్పుడు బిగించినాను. పొద్దున గాలి కొట్టినప్పుడు బిగించినాను. ఇప్పుడు మళ్ళా స్పానరు పెట్టి చూసినాను, ఎడమ, కుడి. కదల్లేదు. పన్నెండేండ్లుగా ఎవురి సైకిలు ఇచ్చినా మూడుసార్లు చూస్తాను, గిరాకీలు నవ్వుతారు, ముసలోడికి మతిమరుపని. మరిచిపోనందుకే చూస్తానని చెప్పలేదు ఎవురికీ.

ముప్పై ఎనిమిదిలో వాడు మిట్ట ఎక్కినాడు. ఒక్కడే. ఎవురి భుజమూ పట్టుకోలేదు. టోపీ లేదు, తెల్ల జుట్టు నెత్తికి అంటుకుని, పొట్ట కొంచెం వచ్చింది, ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా ఎర్రగా తాళ్ళతో కట్టినట్టు వాతలు. మొదట తప్పు వరసలోకి తిరిగినాడు. కళ్ళు ఆనలేదు. నిలబడి చూసినాడు, ఆ ఉత్త కమ్మీలన్నీ, పసుపు గుడ్డ కనపడింది, ఇటు తిరిగినాడు. నడిచేది కాదు, పరిగెత్తేది కాదు, మధ్యలో ఏదో చేసుకుంటా వచ్చి నా ముందర నిలబడి, నిలబడలేక ఇసకలో కూలబడినాడు. కాలు చాపి, వంగి పట్టీ పట్టుకున్నాడు. వేళ్ళు వంగలేదు. అరటి గెల మాదిరి వాచి ఉండాయి. గోటితో గీరినాడు, రాలేదు, పంటితో అందుకుందామని వంగినాడు, పొట్ట అడ్డం. దూరం నుంచి అర్చిత గొంతు, పెదనాయనా, పెదనాయనా అని, ఇంకేమీ చెప్పకుండా అదే. తేన్మొళి ఇంక ఒక్క నిమిషమే ఉండాది తాతా అనింది. వాడు తల ఎత్తి నన్ను చూసినాడు. అప్పుడు చూసిన చూపే. బల్ల దిగి, తిరిగి, ఒకసారి.

ఈసారి తల దించుకోలేదు, ఒళ్ళు దించినాను. మోకాళ్ళు రెండూ సప్పుడు చేసినాయి. వాడి చీలమండ పట్టుకున్నాను. చల్లగా, ఉప్పుగా, ఇసకగా ఉండాది, అరికాల్లో ఆ సీసా మచ్చ తెల్లగా కనపడింది, ఇంత పెద్ద కాలైనా అదే మచ్చ. ఒద్దు అన్నా, అన్నాడు వాడు. పన్నెండేండ్ల తర్వాత వాడి నోట్లోంచి వచ్చింది అది, ఆ అన్నా అనే మాట. నేను పీకేసినాను. చర్రుమనింది పట్టీ. అది చేతిలో పట్టుకుని, ఇంక ఎట్లాగూ తాకేసినాను కద, తగ్గాల్సిందేదో తగ్గిపోయింది కద అనుకుని, వాడి కాలు వదలకుండానే చెప్పినాను.

"ఆ నట్టు నేనే మరిసినాను రా గణేశా. బిగించలేదు."

వాడు నా చేతిలోంచి పట్టీ లాక్కున్నాడు, వేళ్ళు పనిచేయకపోతే రెండు అరచేతుల మధ్య పట్టి, కూచున్నోడు కూచున్నట్టే నా చీలమండ చుట్టూ తిప్పి, అదిమినాడు. అరచేత్తో తట్టినాడు, ఊడకుండా. మళ్ళా తట్టినాడు. మళ్ళా. మూడు. మా అవ్వ ఉంటే లెక్క పెట్టుకుని ఊరుకునేది. నేను లేచి హెల్మెట్టు టక్కుమనిపించి సైకిలు దించినాను, దించేసరికి వాడి చెయ్యి ముందర చక్రం మీద ఉండాది, ఆ వాచిపోయిన చెయ్యి, కుడి పక్క నట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూస్తాండాడు.

"ఈ పొద్దన్నా బిగించినావా?" అన్నాడు.

తేన్మొళి విజిలు ఊదింది, తప్పుకి కాదు, పొమ్మని. నేను తోసుకుంటా పరిగెత్తినాను. బూట్ల నిండా ఇసక, చైను చిన్న పల్లు మీదే ఉండాది, ఎర్ర గీత దాటి ఎక్కినాను, ఎన్ని సెకన్లు మిగిలినాయో చూడలేదు. జవాబు గొంతులోకి వచ్చింది. వచ్చి ఆడనే నిలబడింది, అలవాటు కొద్దీ. పెడలు మీద లేచి నిలబడి దాన్ని బయటికి తోసినాను, వెనక్కి తిరక్కుండా, గాలికి అడ్డంగా.

"మూడుసార్లు బిగించినా రా!"

రోడ్డు మీద కోన్లు పెట్టుకుంటా ఉన్న పోలీసాయన ఉలిక్కిపడి నా పక్క చూసినాడు. ముందర ఎవురూ లేరు, వెనకాల ఎవురూ లేరు. రోడ్డంతా ఉత్తది. గాలి ఎదురు తిరిగింది, తలకాయ దించుకున్నాను.